మూడు బండ్లు ఢీకొంటే పరిహారం ఎవరిస్తారు?

తప్పెవరిదో తేలేదాకా ఆగక్కర్లేదంటోంది మోటారు వాహనాల చట్టం. ఆ సౌలభ్యానికి ఒక హద్దుంది. తొందరపడి సంతకం పెడితే ఒక నష్టమూ ఉంది. ఉద్యోగం కోసం రోజూ రోడ్డెక్కే యువత, వాళ్ల ఇంట్లోవాళ్లు ఈ రెండూ తెలుసుకోవాలి.

కొంగరకలాన్ పేరు ఏడెనిమిదేళ్ల కిందట రాష్ట్రమంతా మార్మోగింది ఒక రాజకీయ సభతో. ఇప్పుడు అక్కడికి వెళ్లే పనులు వేరు. రంగారెడ్డి జిల్లా సమీకృత కలెక్టరేట్ 2022 ఆగస్టు 25న ఇక్కడే ప్రారంభమైంది. 2023 మే 15న ఫాక్స్‌కాన్ కర్మాగారానికి ఇక్కడే శంకుస్థాపన జరిగింది. పక్కనే 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు. దాని మీద గరిష్ఠ వేగం గంటకు 120 కిలోమీటర్లు, టూవీలర్లకు ప్రవేశం లేదు. కాబట్టి బైకుల మీద డ్యూటీకి వెళ్లే పిల్లలంతా సర్వీసు రోడ్డు మీదే వెళ్లాలి. అదే రోడ్డు మీద కంకర టిప్పర్లు, కంపెనీ బస్సులు, కాలేజీ బస్సులు, షేర్ ఆటోలు కూడా. ఇబ్రహీంపట్నం చుట్టుపక్కల ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు కదా!

ఒక ఉదాహరణ అనుకుందాం. ఇది జరిగిన సంఘటన కాదు, లెక్క అర్థం కావడానికి మాత్రమే. శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడ కంపెనీలో చేరిన 24 ఏళ్ల కుర్రాడు. నెలకు రూ.18 వేల జీతం. ఆ రోజు బస్సు అందలేదని రూమ్మేట్ బైకు తీసుకుని బయల్దేరాడు. ముందు వెళ్తున్న టిప్పర్ సడన్‌గా బ్రేకు వేసింది. వెనక వస్తున్న బస్సు ఆగలేదు. బైకు మధ్యలో నలిగింది. అతను అక్కడికక్కడే చనిపోయాడు.

ఇక మొదలవుతుంది అసలు తంతు. టిప్పర్‌కు బీమా చేసిన కంపెనీ ‘వెనక నుంచి గుద్దింది బస్సు’ అంటుంది. బస్సు బీమా కంపెనీ ‘సిగ్నల్ ఇవ్వకుండా ఆగింది టిప్పర్’ అంటుంది. ఇద్దరూ కలిసి ‘బైకువాడు రెండు పెద్ద బండ్ల మధ్యకు ఎందుకు దూరాడు?’ అంటారు. ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు వీటిలో ఏ ఒక్కదానికీ జవాబు తెలియదు. వాళ్లక్కడ లేరు. చూసినవాడు బతికి లేడు.

సరిగ్గా ఈ పరిస్థితి కోసం పుట్టిందే ‘నో ఫాల్ట్’ పరిహారం. తెలుగులో చెప్పాలంటే తప్పుతో నిమిత్తం లేని పరిహారం.

ఎక్కణ్నుంచి వచ్చిందీ సూత్రం?

ఒకప్పుడు డ్రైవర్ నిర్లక్ష్యం రుజువు చేస్తేనే పైసా రాలేది. 1977లో మీనూ మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే గట్టిగా చెప్పింది: నిర్లక్ష్యం లేనిదే బాధ్యత లేదు. దాని మీద చాలా విమర్శలొచ్చాయి. చివరకు 1982లో పార్లమెంటు పాత 1939 చట్టంలో 92-ఏ సెక్షన్ చేర్చింది. మరణానికి రూ.15 వేలు, శాశ్వత వైకల్యానికి రూ.7,500. తప్పెవరిదని అడగకుండా ఇవ్వాలి. 1988 చట్టంలో ఇదే 140వ సెక్షన్ అయింది. మొత్తాలు మొదట రూ.25 వేలు, రూ.12 వేలు. 1994 సవరణతో రూ.50 వేలు, రూ.25 వేలు. అదే సవరణలో 163-ఏ కూడా వచ్చింది. వయసు, ఆదాయం బట్టి పట్టిక చూసి లెక్కగట్టే పద్ధతి అది.

140వ సెక్షన్‌లో ఒక మాట మన ఉదాహరణకు చాలా ముఖ్యం. ప్రమాదంలో ఒకటి కంటే ఎక్కువ వాహనాలుంటే వాటి యజమానులంతా ‘ఉమ్మడిగానూ, విడివిడిగానూ’ బాధ్యులు అని అందులో నేరుగా రాశారు. అంటే బాధితుడి కుటుంబం ఏ ఒక్కరి దగ్గరైనా మొత్తం వసూలు చేసుకోవచ్చు. ఎవరి వాటా ఎంతన్నది ఆ తర్వాత వాళ్లూ వాళ్లూ తేల్చుకోవాలి.

ఈ సూత్రం ఎంత దూరం వెళ్తుందో చెప్పే కేసు మహారాష్ట్రలో జరిగింది. 1987 అక్టోబరు 29న తెల్లవారుజామున పుణె-బెంగళూరు హైవే మీద కవఠే గ్రామం దగ్గర ఒక పెట్రోలు ట్యాంకరు, ఒక ట్రక్కు ఢీకొన్నాయి. ట్యాంకరు రోడ్డు కిందికి పల్టీ కొట్టింది. పెట్రోలు కారుతోంది. చుట్టుపక్కల జనం పోగయ్యారు. సుమారు నాలుగు గంటల తర్వాత ట్యాంకరు పేలింది. 46 మంది చనిపోయారు. ‘ఆగిపోయి పడి ఉన్న బండి పేలితే అది వాహన వినియోగం వల్ల జరిగిన ప్రమాదం ఎలా అవుతుంది?’ అని ట్యాంకరు తరఫువాళ్లు వాదించారు. 1991లో సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. ఢీకొనడం, పల్టీ కొట్టడం, కారడం, పేలడం... అన్నీ ఒకే గొలుసు అంది. నో ఫాల్ట్ పరిహారం ఇవ్వాల్సిందేనంది. మొత్తం రూ.15 వేలే కావచ్చు. కానీ ఆ తీర్పు ఇప్పటికీ ట్రైబ్యునళ్లలో వినిపిస్తూనే ఉంటుంది.

ఇప్పుడున్న చట్టం: 5 లక్షలు, రెండున్నర లక్షలు

2019లో చట్టాన్ని భారీగా సవరించారు. పరిహారానికి సంబంధించిన భాగం 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 140, 163-ఏ రెండూ పోయాయి. వాటి స్థానంలో 164వ సెక్షన్ వచ్చింది. మరణిస్తే రూ.5 లక్షలు. తీవ్రంగా గాయపడితే రూ.2.5 లక్షలు. వాహన యజమాని గానీ బీమా కంపెనీ గానీ ఇవ్వాలి. యజమానిది తప్పా, ఆ వాహనానిది తప్పా, ఇంకెవరిదైనా తప్పా అన్నది బాధితుడు చెప్పాల్సిన పని లేదు, నిరూపించాల్సిన పని అసలే లేదు.

‘ఇంకెవరిదైనా’ అన్న ఆ చిన్న మాటలోనే మూడు బండ్ల కథంతా ఉంది. టిప్పర్ బీమా కంపెనీ ‘తప్పు బస్సుది’ అని నిరూపించినా సరే, 164 కింద తప్పించుకోలేదు. ఎందుకంటే తప్పు అనేదే ఇక్కడ ప్రశ్న కాదు. ఆ వాహనం వినియోగం వల్ల ప్రమాదం జరిగిందా, లేదా? జరిగితే చాలు.

మరి చనిపోయిన వ్యక్తిదే తప్పయితే? పాత 163-ఏ విషయంలో దీనిపై పెద్ద గొడవే నడిచింది. 2011లో ఒక తీర్పు ‘బాధితుడి నిర్లక్ష్యాన్ని బీమా కంపెనీ ఎత్తిచూపవచ్చు’ అంది. 2017 నవంబరులో సునీల్ కుమార్ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. అలా ఎత్తిచూపనిస్తే నో ఫాల్ట్ అన్న ఉద్దేశమే దెబ్బతింటుందని స్పష్టంగా చెప్పింది. 164లోనూ దాదాపు అవే మాటలున్నాయి.

ఒక తేడా మాత్రం గమనించాలి. పాత 140లో ఉన్న ‘ఉమ్మడిగా, విడివిడిగా’ అన్న మాట 164లో లేదు. అక్కడ ‘మోటారు వాహన యజమాని’ అని ఏకవచనం. దీన్ని పట్టుకుని బీమా కంపెనీల లాయర్లు వాదించవచ్చు. అయితే చట్టాల్లో ఏకవచనం ఉన్నచోట బహువచనం కూడా వర్తిస్తుందన్నది పాత నియమమే. పైగా 2015లో ఖెన్యీ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఉండనే ఉంది. బస్సు, ట్రెయిలర్ ట్రక్కు ఢీకొన్న ఆ కేసులో, రెండు వాహనాల నిర్లక్ష్యం కలిసి మూడో వ్యక్తికి నష్టం చేస్తే అతను ఇద్దరినీ అడగవచ్చు, ఒక్కరినే అడిగి మొత్తం తీసుకోవచ్చు అంది. ఎక్కువ కట్టినవాడు రెండోవాడి దగ్గర రాబట్టుకుంటాడు. అది బాధితుడి తలనొప్పి కాదు.

ఇక్కడ ఒక ఆశ కూడా వద్దు. రెండు బండ్లున్నాయి కదా అని రెండు 5 లక్షలు రావు. ఒక మరణానికి చట్టం చెప్పింది ఒకే 5 లక్షలు.

మన రోడ్ల మీద ఏం జరిగింది?

2025 అక్టోబరు 24న హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద తగలబడి 19 మంది ప్రయాణికులు చనిపోయారు. పోలీసులు చెప్పిన దాని ప్రకారం ఒక బైకు ముందే జారిపడింది. రోడ్డు మీద పడి ఉన్న ఆ బైకును బస్సు ఈడ్చుకెళ్లింది. మంటలు అంటుకున్నాయి. తప్పు ఎవరిదంటారు? బైకు నడిపిన వ్యక్తిదా, బస్సు డ్రైవర్‌దా, బస్సును అలా తయారుచేయించుకున్న యజమానిదా? దర్యాప్తుకు ఇవన్నీ కావాలి. పిల్లల్ని పోగొట్టుకున్న కుటుంబం మాత్రం ఆ జవాబు దొరికేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేదు.

పది రోజులకే, 2025 నవంబరు 3న మన జిల్లాలోనే చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్, తాండూరు నుంచి వస్తున్న ఆర్టీసీ బస్సు ఢీకొన్నాయి. కంకర బస్సులోకి ఒరిగిపోయింది. 19 మంది పోయారు. హైదరాబాద్‌లో చదువుకుంటూ వారాంతానికి ఇంటికెళ్లి తిరిగొస్తున్న పిల్లలూ అందులో ఉన్నారు.

ఆర్టీసీ ఉన్న ప్రమాదాల్లో చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. 146వ సెక్షన్ కింద ప్రభుత్వ రవాణా సంస్థలకు బీమా నుంచి మినహాయింపు ఇవ్వవచ్చు. దానికి బదులుగా అవి పరిహారం కోసం సొంత నిధి పెట్టుకోవాలి. అంటే అలాంటి బస్సు విషయంలో ‘బీమా కంపెనీ ఏది?’ అని వెతకడం వృథా. సంస్థే కట్టాలి. అద్దె బస్సులకైతే వేరుగా బీమా ఉంటుంది. అందుకే రెండు పెద్ద బండ్లు ఢీకొన్నప్పుడు ఒకవైపు బీమా కంపెనీ, మరోవైపు రవాణా సంస్థ, రెండింటినీ పార్టీలుగా చేర్చాలి.

ప్రభుత్వం ప్రకటించే ఎక్స్‌గ్రేషియా వేరు, ఈ పరిహారం వేరు. చెక్కు అందింది కదా అని చాలా ఇళ్లలో కేసు సంగతే మర్చిపోతారు. ఎక్స్‌గ్రేషియా ప్రభుత్వం దయతో ఇచ్చేది. ఇది హక్కు.

అరువు బైకు... అసలు చిక్కు

మన ఉదాహరణలో కుర్రాడు నడిపింది దోస్తు బైకు. ఈ వయసులో ఎవరి బండి ఎవరు నడుపుతారో లెక్కే ఉండదు. హాస్టల్ కింద తాళంచెవి ఎవరికి దొరికితే వాళ్లది. చట్టం దృష్టిలో ఇది చిన్న విషయం కాదు.

రాజస్థాన్‌లో 2006లో జరిగిన ఒక ప్రమాదాన్ని చూడండి. ఒకతను వేరేవాళ్ల మోటార్‌సైకిల్ నడుపుతుండగా ఇంకో వాహనం ఢీకొని చనిపోయాడు. కేసు రెండో వాహనం డ్రైవర్ మీద నమోదైంది. కానీ కుటుంబం 163-ఏ కింద పరిహారం అడిగింది అతను నడిపిన బైకు యజమానిని, దాని బీమా కంపెనీని మాత్రమే. రెండో వాహనాన్ని పార్టీగా చేర్చనేలేదు. రామ్‌ఖిలాడీ కేసుగా ఇది సుప్రీంకోర్టుకు చేరింది. 2020 జనవరి 7న తీర్పొచ్చింది. బండి అరువు తీసుకుని నడిపినవాడు యజమాని స్థానంలోకి వస్తాడు, తన మీద తనే పరిహారం వేసుకోలేడు కదా అంది కోర్టు. ఆ బైకు బీమా కంపెనీకి అతను థర్డ్ పార్టీ కాడు. ఎదుటి వాహనం యజమానినీ, బీమా కంపెనీనీ అడిగి ఉంటే నో ఫాల్ట్ పరిహారం వచ్చేది. చివరకు ఆ పాలసీలో ఉన్న వ్యక్తిగత ప్రమాద బీమా కింద లక్ష రూపాయలు, దాని మీద వడ్డీ మాత్రం ఇప్పించింది.

తప్పు బండిని ఎంచుకోవడం వల్ల పద్నాలుగేళ్ల పోరాటం లక్ష రూపాయల దగ్గర ఆగిపోయింది. ఈ ఒక్క తీర్పు చదివినా చాలు, బహుళ వాహనాల ప్రమాదంలో క్లెయిమ్ ఎలా వేయకూడదో అర్థమవుతుంది.

అంటే మన కుర్రాడి తల్లిదండ్రులు టిప్పర్, బస్సు రెండింటినీ చేర్చి 164 కింద అడగవచ్చు. రూమ్మేట్ బైకు బీమా కంపెనీని మాత్రమే అడిగితే చెయ్యి ఖాళీయే. బైకు అదుపుతప్పి డివైడర్‌ను గుద్ది, ఇంకో బండి ప్రమేయమే లేకపోతే? ఇప్పటివరకూ ఉన్న తీర్పుల ప్రకారం నడిపినవాడికి థర్డ్ పార్టీ పాలసీ కింద ఏమీ రాదు. అయితే ఈ తలుపు పూర్తిగా మూసుకుపోలేదు. 2025లో సుప్రీంకోర్టులో ఒక ధర్మాసనం, సొంత బండి నడిపి చనిపోయినవారి వారసులకు 163-ఏ వర్తించదన్న పాత తీర్పుల మీద సందేహం వ్యక్తం చేసింది. విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపింది.

బైకు వెనక కూర్చున్న దోస్తు సంగతీ చూద్దాం. కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే, వెనక కూర్చున్నవాళ్లకు ఆ బైకు బీమా కంపెనీ బాధ్యత ఉండదని 2006లో తిలక్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ప్యాకేజీ పాలసీ, అంటే మనం ‘ఫుల్ ఇన్సూరెన్స్’ అనేది ఉంటే వస్తుంది. కానీ ఇంకో వాహనం కూడా ఉన్న ప్రమాదమైతే, ఆ వాహనానికి వెనక కూర్చున్నవాడు నికార్సైన థర్డ్ పార్టీ. దాని బీమా కంపెనీ కట్టాల్సిందే.

సొంత బండి ఉన్నవాళ్లకు వ్యక్తిగత ప్రమాద బీమా అనేది ఒకటుంది. 2018 నుంచి యజమానే నడిపినప్పుడు వర్తించే ఈ కవర్ కనీస మొత్తం రూ.15 లక్షలు. ఆన్‌లైన్‌లో పాలసీ తీసుకునేటప్పుడు నాలుగొందలో ఐదొందలో మిగులుతాయని ఆ గడి దగ్గర టిక్కు తీసేసేవాళ్లు చాలామంది. లైసెన్సు చెల్లుబాటులో లేకపోతే ఆ కవర్ ఉన్నా లేనట్టే, అది వేరే సంగతి. థర్డ్ పార్టీ క్లెయిమ్‌లో మాత్రం లైసెన్సు లేనంత మాత్రాన ప్రమాదానికి బాధితుడే కారకుడని అనుకోకూడదని 2008లో సుధీర్ కుమార్ రాణా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

5 లక్షలా... 27 లక్షలా?

ఇక అందరూ జాగ్రత్తగా చూడాల్సిన చోటుకొచ్చాం. నో ఫాల్ట్ మొత్తం తేలిగ్గా వస్తుంది గానీ అది తక్కువ మొత్తం. 166వ సెక్షన్ కింద నిర్లక్ష్యం నిరూపిస్తే వచ్చేది ఎంతో లెక్కేద్దాం.

నెల జీతం రూ.18,000. ఏడాదికి రూ.2,16,000. 40 ఏళ్ల లోపు వయసు, పర్మినెంటు ఉద్యోగం కాదు కాబట్టి భవిష్యత్తులో పెరిగే ఆదాయం కింద 40 శాతం కలపాలి. ఇది 2017 ప్రణయ్ సేఠీ తీర్పు చెప్పిన లెక్క. మొత్తం రూ.3,02,400. పెళ్లి కాలేదు కనుక సొంత ఖర్చుల కింద సగం తీసేస్తారు. మిగిలింది రూ.1,51,200. 21 నుంచి 25 ఏళ్ల వయసుకు 2009 సరళా వర్మ తీర్పు ప్రకారం గుణకం 18. గుణిస్తే రూ.27,21,600. అంత్యక్రియల ఖర్చు, తల్లిదండ్రులకు బిడ్డ సాహచర్యం కోల్పోయినందుకు ఇచ్చేవి, ఇలాంటివి దీనికి అదనం.

5 లక్షలెక్కడ, 27 లక్షలెక్కడ! ఒకవేళ తప్పులో సగం కుర్రాడిదేనని ట్రైబ్యునల్ అన్నా సుమారు 13 లక్షల 60 వేలు వస్తాయి.

మరి 5 లక్షలు ముందు తీసేసుకుని, తర్వాత 27 లక్షలకు పోరాడొచ్చా? పాత 140 కింద అలా కుదిరేది. అది మధ్యంతర సాయం లాంటిది. తుది పరిహారంలోంచి ఆ మొత్తం మినహాయించేవారు. ఇప్పుడు కుదరదు. 2019 సవరణ 166వ సెక్షన్‌కు ఒక షరతు తగిలించింది. 149వ సెక్షన్ పద్ధతిలో 164 కింద పరిహారం స్వీకరిస్తే, ట్రైబ్యునల్‌లో వేసిన క్లెయిమ్ పిటిషన్ రద్దయిపోతుంది.

149 పద్ధతి ఏమిటంటే, ప్రమాదం సంగతి తెలియగానే బీమా కంపెనీ ఒక అధికారిని నియమించాలి. ఆయన 30 రోజుల్లో ఇంత ఇస్తామని ట్రైబ్యునల్ ముందు ప్రతిపాదన పెడతారు. ఒప్పుకుంటే ట్రైబ్యునల్ దాన్ని నమోదు చేస్తుంది. మరో 30 రోజుల్లో డబ్బు కట్టాలి. వద్దంటే కేసు విచారణకు వెళ్తుంది. ప్రతిపాదన వచ్చినంత మాత్రాన తల ఊపాలనేమీ లేదు. అది ఏ సెక్షన్ కింద, ఏ లెక్కన అన్నది అడగాలి. దుఃఖంలో ఉన్న ఇంటికి ఎవరో కాగితాలు పట్టుకొచ్చి ‘ఇక్కడ, ఇక్కడ సంతకం’ అంటే చదువుకున్న పిల్లలు ఆ ఇంట్లో ఉండి కూడా చదవకపోవడం మామూలే. చదవండి.

మరి 164 ఎవరికి పనికొస్తుంది? తప్పంతా బాధితుడిదేనని సాక్ష్యం బలంగా ఉన్నవాళ్లకు. నిర్లక్ష్యం నిరూపించే మార్గమే లేనివాళ్లకు. ఆదాయం, వయసు రీత్యా ఎలా లెక్కేసినా 5 లక్షలు దాటనివాళ్లకు. 24 ఏళ్ల ఉద్యోగి కుటుంబానికి మాత్రం అది మొదటి ఎంపిక కాకూడదన్నది ఈ వ్యాసకర్త అభిప్రాయం.

గడువులు, కాగితాలు

ప్రమాదం జరిగిన 6 నెలల్లో క్లెయిమ్ వేయాలని 166(3) అంటోంది. ఈ గడువు చెల్లుబాటును సుప్రీంకోర్టులో సవాలు చేశారు. అయినా ఆ ధైర్యంతో ఆలస్యం చేయకపోవడమే మేలు. పోలీసులు 48 గంటల్లో ట్రైబ్యునల్‌కు మొదటి ప్రమాద నివేదిక పంపాలి. బాధితుల హక్కుల పత్రం 10 రోజుల్లో చేతికివ్వాలి. 50 రోజుల్లో మధ్యంతర నివేదిక, 90 రోజుల్లో సవివర నివేదిక. ఈ చివరిదాన్నే డీఏఆర్ అంటారు. ఆ నివేదికనే ట్రైబ్యునల్ క్లెయిమ్ దరఖాస్తుగా తీసుకోవచ్చు. మూడు బండ్ల ప్రమాదంలో ఈ నివేదికల్లో మూడింటి నంబర్లూ, మూడు పాలసీల వివరాలూ ఉన్నాయో లేదో చూసుకోవాలి. ఒకటి జారిపోయినా రామ్‌ఖిలాడీ కథే.

శ్రీకాకుళం తల్లిదండ్రులు వాయిదా వాయిదాకూ ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుకు రావాల్సిన పని లేదు. ప్రమాదం జరిగిన చోటే కాదు, క్లెయిమ్ వేసేవాళ్లు నివసించే చోట ఉన్న ట్రైబ్యునల్‌లోనైనా వేయవచ్చు.

గుద్దినవాటిలో ఒక బండి పారిపోతే? దొరికిన బండి మీద క్లెయిమ్ నడుస్తుంది. ఏ బండీ దొరకకపోతేనే హిట్ అండ్ రన్ పథకం. మరణానికి రూ.2 లక్షలు, తీవ్ర గాయాలకు రూ.50 వేలు. దీనికి కోర్టు అక్కర్లేదు. రెవెన్యూ డివిజన్ స్థాయి అధికారి విచారించి పంపితే, జిల్లా కలెక్టర్ మంజూరు చేస్తారు. కొంగరకలాన్ దగ్గర జరిగితే ఫైలు చేరేది కొంగరకలాన్ కలెక్టరేట్‌కే. గాయపడి ఆసుపత్రిలో ఉన్నవాళ్లకు 2025 మేలో నోటిఫై చేసిన నగదు రహిత చికిత్స పథకం ఉంది. ప్రమాదం జరిగినప్పటి నుంచి 7 రోజుల పాటు రూ.1.5 లక్షల వరకు వర్తిస్తుంది.

డ్యూటీలో ఉండగా ప్రమాదం జరిగితే ఉద్యోగుల పరిహార చట్టం కింద కూడా అడగవచ్చు. అయితే అదీ, మోటారు చట్టమూ రెంటిలో ఒకటే ఎంచుకోవాలి.

ఈ రంగంలో ఉద్యోగాలు

పై గడువులన్నీ మనుషులే పాటించాలి కాబట్టి ఇక్కడ పనీ ఉంది. ప్రభుత్వ రంగ సాధారణ బీమా సంస్థలు న్యూ ఇండియా, యునైటెడ్ ఇండియా, ఓరియంటల్, నేషనల్. అడ్మినిస్ట్రేటివ్ ఆఫీసర్ నియామకాల్లో ఇవి లా పట్టభద్రులకు ప్రత్యేకంగా పోస్టులు కేటాయిస్తుంటాయి. మరణం, గాయాల క్లెయిమ్‌లు చూసే థర్డ్ పార్టీ విభాగాల్లో ఎక్కువ పని వీళ్లదే. ప్రైవేటు కంపెనీల్లో క్లెయిమ్స్ ఎగ్జిక్యూటివ్‌లుగా చేరేవాళ్లకు ఇన్సూరెన్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా నిర్వహించే లైసెన్షియేట్, అసోసియేట్‌షిప్, ఫెలోషిప్ పరీక్షలు ఉపయోగపడతాయి. బీమా సర్వేయర్ లైసెన్సు ఇచ్చే ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉంది. సర్వేయర్ పని ప్రధానంగా వాహన నష్టం అంచనా. మెకానికల్, ఆటోమొబైల్ చదివినవాళ్లకు సరిపోతుంది. మరణ పరిహారం లెక్క మాత్రం వాళ్ల పని కాదు, రెండూ ఒకటే అనుకుని చేరేవాళ్లున్నారు.

లాసెట్ రాసి లా చదివి మోటారు క్లెయిమ్‌ల ప్రాక్టీసు మొదలుపెట్టేవాళ్లకు తొలి రెండేళ్లు కష్టమే. చేతికందే కేసులు చిన్నవి. ఇందులో పైకొచ్చేది తీర్పులు బట్టీ పట్టినవాళ్లు కాదు. ఎఫ్‌ఐఆర్, పంచనామా, పాలసీ ప్రతి పక్కపక్కన పెట్టుకుని ఎవరిని పార్టీగా చేర్చాలో చెప్పగలిగినవాళ్లు. డేటా వైపు ఆసక్తి ఉన్న ఇంజినీర్లకు మరో దారి ఉంది. ప్రమాద వివరాలు నమోదు చేసే ఐరాడ్‌ను ఐఐటీ మద్రాస్ రూపొందించగా ఎన్‌ఐసీ అమలు చేస్తోంది. దానికి కొనసాగింపే ఈ-డార్. ఇందులో పోలీసులు, బీమా కంపెనీలు, ట్రైబ్యునళ్లు ఒకే ప్రమాదం ఫైలును తెరిచి చూస్తాయి. రిజిస్ట్రేషన్ నంబరుతో పాలసీ వివరం వెతికిపెట్టే ఇన్సూరెన్స్ ఇన్ఫర్మేషన్ బ్యూరో కూడా హైదరాబాద్‌లోనే ఉంది.